మ్యాన్‌లిఫ్ట్ ఎక్కే ముందు: కంటికి కనిపించని రక్షణలను పరీక్షించే పద్ధతి

గోదాము కప్పు కింద స్ప్రింక్లర్ పైపు బిగించాలన్నా, కర్మాగారం షెడ్డులో కాలిపోయిన లైటు మార్చాలన్నా, భవనం ముందువైపు అద్దాలు అమర్చాలన్నా ఒకప్పుడు పరంజా కట్టడం తప్ప మరో దారి ఉండేది కాదు. సర్వీ కర్రలో, ఇనుప గొట్టాలో నిలబెట్టి, పలకలు పరిచి, పని అయ్యాక విప్పేవారు. ఇప్పుడు అదే పనికి చాలా చోట్ల సిజర్ లిఫ్టో, బూమ్ లిఫ్టో అద్దెకు వస్తోంది. కత్తెర మడతల్లా విచ్చుకుంటూ నిలువుగా లేచేది సిజర్ లిఫ్ట్. పొడవాటి చేయి చివర బాస్కెట్‌తో అడ్డంకుల మీదుగా పక్కలకు కూడా చేరుకోగలిగేది బూమ్ లిఫ్ట్. సైట్ల మీద రెంటినీ కలిపి మ్యాన్‌లిఫ్ట్ అనే అంటారు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల వాళ్ల నోట కూడా ఇదే మాట వినిపిస్తుంది.

పరంజాకూ ఈ యంత్రానికీ మధ్య ఒక తేడా ఉంది, తనిఖీ గురించి మాట్లాడేటప్పుడు దాన్ని అసలు మరిచిపోకూడదు. పరంజా గట్టిదో కాదో చాలావరకు కంటికి కనిపిస్తుంది: క్లాంపు వదులైతే తెలుస్తుంది, పలక విరిగితే తెలుస్తుంది, కాలు కింద మట్టి కుంగితే తెలుస్తుంది. మ్యాన్‌లిఫ్ట్‌లో మనిషిని కాపాడేవి ఎక్కువగా లోపల దాగి ఉంటాయి. హైడ్రాలిక్ గొట్టం తెగినా సిలిండర్ కూలిపోకుండా ఆపే వాల్వు, యంత్రం ఒరిగితే కదలికను నిలిపివేసే సెన్సర్, బరువు మించితే పైకి వెళ్లనివ్వని లోడ్ సెల్, కరెంటు పోయినా కిందికి దించే కేబుల్ — ఇవన్నీ అవసరం పడేదాకా మౌనంగా ఉంటాయి. పాడైపోయినా అంతే మౌనంగా ఉంటాయి. అందువల్ల యంత్రం నిన్న చక్కగా పైకి లేచి దిగింది అన్న అనుభవం ఆ రక్షణల గురించి ఏమీ చెప్పదు. వాటిని ఒక్కొక్కటిగా కావాలని పనిచేయించి చూడడమే వాడకానికి ముందు చేసే తనిఖీ.

ఈ విషయంలో మొదటి చిక్కుముడి కాగితాల దగ్గరే పడుతుంది. సైటు గేటు దగ్గర అడిగేది థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్, అంటే బయటి నిపుణులు ఇచ్చే తనిఖీ పత్రం, సైట్ల భాషలో టీపీఐ. దాని స్టిక్కరు యంత్రానికి అంటించి ఉంటే పరీక్ష అయిపోయిందనే భావన అందరిలోనూ బలంగా ఉంది. నిజానికి తనిఖీలు వేర్వేరు స్థాయుల్లో ఉంటాయి, ఒకటి మరొకదానికి బదులు కాదు. అమెరికాలో మ్యాన్‌లిఫ్టులకు వర్తించే ఏ92 ప్రమాణాలు మూడు నెలలకు లేదా 150 పని గంటలకు ఒకసారి, ఆపైన 13 నెలలు దాటకుండా వార్షికంగా ఒకసారి, అర్హత గలవారి చేత పరీక్ష చేయించమంటాయి. బ్రిటన్‌లో 1998 నాటి నియమాల ప్రకారం మనుషులను ఎత్తే పరికరాన్ని ఆరు నెలలకోసారి క్షుణ్ణంగా పరీక్షించాలి. మన దేశంలో ఎత్తు పనుల రక్షణకు, బరువులెత్తే యంత్రాల పరీక్షకు 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం, 1998 నాటి కేంద్ర నియమాలు ఆధారంగా నిలిచాయి. ఆ చట్టాన్ని 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లో కలిపారు. ఇవన్నీ నిపుణులు తీరిగ్గా చేసే పరీక్షలు. వీటికి అదనంగా, లిఫ్ట్ కంట్రోళ్లను ప్రతి రోజూ వాడకానికి ముందే పరీక్షించాలని అమెరికా కార్మిక భద్రతా నియమం విడిగా చెబుతుంది. ఈ రోజువారీ పరీక్ష చేయవలసింది పైకెక్కబోయే ఆపరేటరే.

స్టిక్కరు చెప్పేది ఆ తేదీన యంత్రం బాగుందని మాత్రమే. ఆ తరువాత అది అద్దె యార్డులో ఎండకు ఎండి ఉంటుంది, ట్రెయిలర్ మీదికి ఎక్కించేటప్పుడు మెట్టుకు తగిలి ఉంటుంది, మరో సైటులో మరో ఆపరేటర్ చేతిలో నలిగి ఉంటుంది. రాత్రి ఎవరో దాని మీద పైపుల కట్ట దొర్లించి ఉండవచ్చు. సర్టిఫికెట్ తేదీకీ ఈ ఉదయానికీ మధ్య జరిగినదంతా కనిపెట్టగలిగే అవకాశం ఒక్క ఆపరేటర్‌కే ఉంది.

తనిఖీ యంత్రం ఆగి ఉండగా, తాళంచెవి బయటికి తీసి ఉండగా మొదలవుతుంది. ముందు చూడవలసింది యంత్రాన్ని కాదు, అది నిలిచిన నేలను. రాత్రంతా నిలిపిన చోట నూనె మరక పడితే ఎక్కడి నుంచి కారిందో అక్కడే దారి దొరుకుతుంది. యంత్రాన్ని జరిపేస్తే ఆ ఆధారం పోతుంది. హోస్ ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూసే అలవాటు మన మెకానిక్కులలో విపరీతంగా ఉంది. దాన్ని మానిపించడానికి ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఒత్తిడి మీద ఉన్న గొట్టానికి సూది మొనంత రంధ్రం పడినా, అందులోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరుతుంది. బయటికి చిన్న చుక్కలా కనిపించే ఆ గాయానికి వెంటనే శస్త్రచికిత్స చేయకపోతే వేలు, కొన్నిసార్లు చేయి తీసేయవలసి రావచ్చు. అట్టముక్కను గొట్టం వెంబడి జరుపుతూ చూస్తే చాలు, తడి దాని మీద పడుతుంది.

తరువాత చక్రాలు, పిన్నులు, వెల్డింగ్ అతుకులు. అతుకు వెంబడి రంగు సన్నని గీతలా చిట్లి, ఆ గీతలోంచి తుప్పు కారినట్లు కనిపిస్తే దాని కింద లోహం పగిలి ఉండవచ్చు. సిజర్ చేతుల కీళ్ల దగ్గర పిన్ను జారిపోకుండా పట్టి ఉంచే క్లిప్పులు ఉన్నాయో లేవో చూడాలి. ఈ చూపు కోసం ఎత్తిన ప్లాట్‌ఫారం కిందికి తల పెట్టవలసి వస్తే సేఫ్టీ ప్రాప్ అనే ఇనుప ఊతను ముందే నిలబెట్టాలి. హైడ్రాలిక్ ఒత్తిడిని మాత్రమే నమ్ముకుని కత్తెర మడతల మధ్యకు చేయి పోనివ్వకూడదు.

టైర్లు, బ్యాటరీల సంగతి పైకి చిన్నదిగా కనిపిస్తుంది గాని దాని వెనుక ఉన్న కారణం తెలిసినవారు తక్కువ. చాలా బూమ్ లిఫ్టుల టైర్లలో గాలికి బదులు ఫోమ్ నింపుతారు. పంక్చర్ కాకుండా ఉండడం ఒక ప్రయోజనమే అయినా, ఆ ఫోమ్ బరువు కూడా యంత్రం ఒరిగిపోకుండా పట్టి ఉంచే లెక్కలో భాగం. అలాంటి చోట ఎవరైనా చవకగా దొరికిందని గాలి టైరు వేస్తే యంత్రం నడుస్తుంది, లేస్తుంది, కానీ దాని నిలకడ లెక్క తప్పుతుంది. బ్యాటరీల విషయంలోనూ ఇదే. ఎలక్ట్రిక్ సిజర్ లిఫ్టుల్లో వాడే భారీ లెడ్ యాసిడ్ బ్యాటరీలు కరెంటు ఇవ్వడంతో పాటు అడుగున బరువుగా కూడా పనిచేస్తాయి, కాబట్టి తేలికైనవి పెట్టవద్దని తయారీదారులు మాన్యువల్‌లోనే హెచ్చరిస్తారు. ఆ మాన్యువల్ యంత్రం మీదే, దానికోసం ఉన్న పెట్టెలో ఉండాలి. పెట్టె ఖాళీగా ఉంటే అది కూడా తనిఖీలో తేలిన లోపమే.

ప్లాట్‌ఫారం చుట్టూ ఉండే రెయిలింగ్‌ను చేత్తో పట్టుకుని ఊపి చూడాలి. ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 280 ప్రకారం పై కడ్డీ కనీసం 1.1 మీటర్ల ఎత్తులో ఉండాలి, నడుమ మరో కడ్డీ, అడుగున పనిముట్లు జారి పడకుండా టో బోర్డు ఉండాలి. గేటు వదిలేయగానే దానంతటదే మూసుకోవాలి. ఇక్కడ నేను తరచుగా చూసే దృశ్యం ఒకటుంది: గేటు స్ప్రింగు పోయి ఉంటుంది, దాన్ని బైండింగ్ వైరుతో చుట్టి కట్టేసి ఉంటారు. రాడ్డు కట్టే మేస్త్రీ చేతిలోని ఆ వైరే సైటులో అన్ని జబ్బులకూ మందు. పొద్దున కట్టిన వైరును మధ్యాహ్నం దిగేటప్పుడు విప్పి, తిరిగి ఎక్కినప్పుడు కట్టడం మరిచిపోతే, వెనక్కి ఒక్క అడుగు వేసిన మనిషికి ఆనుకోవడానికి ఏమీ ఉండదు.

ఆ తరువాతే తాళంచెవి పెట్టి యంత్రాన్ని కదిలించి చూడడం. అద్దెకిచ్చేవారి మనుషులు కూడా చాలాసార్లు నేరుగా ప్లాట్‌ఫారం ఎక్కి, జాయ్‌స్టిక్ పట్టుకుని, కాస్త పైకి, కాస్త కిందికి పోనిచ్చి, బాగుందంటారు. క్రమం ఇది కాదు. మొదట కింద నిలబడి గ్రౌండ్ కంట్రోల్‌తో ప్రతి కదలికనూ చూడాలి, ఆ తరువాత అత్యవసరంగా దించే ఏర్పాటును చూడాలి, చివరిగా పైకెక్కి పై కంట్రోళ్లను చూడాలి. ఇందులోని తర్కం సూటిగా ఉంటుంది. పైన ఉన్న మనిషి స్పృహ తప్పినా, చెయ్యి ఇరుక్కుపోయినా, పై ప్యానెల్ మొరాయించినా అతన్ని కిందికి తెచ్చేది కింది కంట్రోలే. అది పనిచేస్తుందని తేలకముందే పైకెక్కినవాడు, దిగే దారి ఉందో లేదో తెలియకుండా ఎక్కినట్లే.

కొన్నేళ్ల కిందట హైదరాబాద్ శివార్లలోని ఒక గోదాములో నేను దగ్గరుండి చూసిన సంగతి ఇక్కడ చెప్పాలి. ఇద్దరు కుర్రాళ్లు సిజర్ లిఫ్ట్ మీద దాదాపు తొమ్మిది మీటర్ల ఎత్తులో కేబుల్ ట్రే బిగిస్తున్నారు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి యంత్రం ఆగిపోయింది. కింద ఉన్న హెల్పర్‌కు యంత్రాన్ని ఆపడం తెలుసు గాని, ఆగిపోయినదాన్ని కింది నుంచి దించడం అతను ఎన్నడూ చూడలేదు. అయిదు నిమిషాలు వెతికితే ఛాసిస్ వెనుకవైపు దుమ్ము కింద ఎర్రటి చిన్న హ్యాండిల్ దొరికింది. బ్యాటరీతో పని లేకుండా, ప్లాట్‌ఫారం తన బరువుతో మెల్లగా దిగేలా వాల్వును తెరిచే కేబుల్ దానికి కట్టి ఉంటుంది. హెల్పర్ దాన్ని లాగితే అది అడ్డూ ఆపూ లేకుండా జానెడు బయటికి వచ్చింది. ప్లాట్‌ఫారం మాత్రం కదలలేదు. లోపల కేబుల్ వాల్వు నుంచి ఊడిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. అద్దె ఇచ్చిన చోటి నుంచి మెకానిక్ వచ్చేసరికి గంటన్నర పట్టింది. రేకుల కప్పుకు దగ్గరగా, ఏప్రిల్ ఎండ వేడిలో, ఆ ఇద్దరూ అంతసేపూ రెయిలింగ్ పట్టుకుని కూర్చున్నారు. ఒకతను పక్కనున్న ర్యాక్ మీదికి దాటి దిగిపోతానంటే ఆపడానికి చాలా కష్టపడ్డాం. వాళ్లు దిగాక ఆ ఉదయం నింపిన చెక్‌లిస్టు తెప్పించి చూశాను. ‘ఎమర్జెన్సీ లోయరింగ్’ అన్న గడిలో టిక్కు ఉంది. ఆ హ్యాండిల్‌ను ఒక్కసారి, ప్లాట్‌ఫారాన్ని మీటరు ఎత్తు లేపి, లాగి చూసి ఉంటే అర నిమిషంలో బయటపడే లోపం అది.

అందుకే ఈ పరీక్షలో చాలా భాగం తలకిందులుగా ఉంటుంది: యంత్రం కదలకపోతేనే అది నెగ్గినట్లు. ఎర్రటి ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌ను లోపలికి నొక్కాక ఏ మీట నొక్కినా యంత్రం చలించకూడదు. జాయ్‌స్టిక్ మీది ట్రిగ్గర్‌ను గాని, బూమ్ లిఫ్ట్‌లో కాలి కింది ఫుట్ స్విచ్‌ను గాని నొక్కకుండా జాయ్‌స్టిక్ తోస్తే ఏమీ జరగకూడదు. ఫుట్ స్విచ్ కింద రాయో, కర్రముక్కో దూర్చి ఉంచడం కొందరి అలవాటు. తనిఖీలో అలాంటిది కనిపిస్తే తీసేసి ఊరుకోకుండా స్విచ్ వదిలినప్పుడు నిజంగా పైకి వస్తోందో లేదో చూడాలి. టిల్ట్ సెన్సర్‌ను పరీక్షించే పద్ధతి మోడల్‌ను బట్టి మాన్యువల్‌లో ఉంటుంది. చాలా సిజర్ లిఫ్టులకు ఒకవైపు చక్రాలను నిర్ణీత మందం గల చెక్క దిమ్మెల మీదికి ఎక్కించి, ప్లాట్‌ఫారాన్ని రెండు మీటర్ల పైచిలుకు లేపమంటారు. అప్పుడు అలారం మోగి యంత్రం ఆగాలి. ఈ రకం యంత్రాలు చాలావరకు పక్కకు 1.5 డిగ్రీలు, ముందువెనుకలకు 3 డిగ్రీల వాలు దాటితే ఆగిపోయేలా అమర్చి ఉంటాయి. కంటికి సమతలంగా తోచే ర్యాంపు కూడా అంతకన్నా ఎక్కువ వాలుగా ఉండవచ్చు. ప్లాట్‌ఫారం లేచేటప్పుడు ఛాసిస్ అడుగున రెండు ఇనుప పట్టీలు కిందికి దిగి నేలకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో నిలుస్తాయి. చక్రం గుంతలో పడినా యంత్రం ఒరగకుండా ఆనించుకునే ఈ పాట్‌హోల్ గార్డులకు మట్టి, సిమెంటు గడ్డకట్టి అడ్డం పడడం మన సైట్లలో మామూలు. అవి పూర్తిగా దిగకపోతే యంత్రం ఎత్తులో నడవడానికి నిరాకరించాలి.

బరువు సంగతి లెక్క వేసి చూస్తేనే బోధపడుతుంది. మామూలు చిన్న సిజర్ లిఫ్ట్ సామర్థ్యం 230 కిలోల దగ్గర ఉంటుంది. ఈఎన్ 280 లెక్క ప్రకారం మనిషికి 80 కిలోలు, పనిముట్లకు 40 కిలోలు. ఇద్దరు మనుషులు, ఒక పనిముట్ల సంచి కలిస్తేనే 200 అయిపోతుంది. మిగిలిన 30 కిలోల్లో పైపులూ బ్రాకెట్లూ ఎన్ని పడతాయో ఎక్కించే ముందు చూసుకోవాలి. పైగా యంత్రం మీది పలకపై చాలాసార్లు రెండు వేర్వేరు అంకెలు ఉంటాయి: లోపల ఇద్దరు, ఆరుబయట ఒక్కరు. ప్లాట్‌ఫారాన్ని పొడిగించే ఎక్స్‌టెన్షన్ డెక్ బయటికి లాగినప్పుడు దాని మీద మోయగల బరువు ఇంకా తక్కువ.

లోపలికీ ఆరుబయటకూ ఉన్న ఆ తేడాకు ముఖ్య కారణం గాలి. ఆరుబయట వాడకానికి తయారైన యంత్రాలను సెకనుకు 12.5 మీటర్ల గాలివేగం వరకు, అంటే గంటకు 45 కిలోమీటర్ల వరకు నిలబడేలా రూపొందిస్తారు. లోపలి వాడకానికి మాత్రమే అని రాసి ఉన్న యంత్రానికి ఈ అంకె సున్నా. రెండువైపులా షట్టర్లు తెరిచి ఉన్న గోదాములో ఈదురుగాలి సొరంగంలోలాగా దూసుకుపోతుంది గనుక ‘లోపల’ అన్న మాటను కూడా నమ్మకూడదు. నేల మీద నిలబడి చూసిన గాలి పైన ఉండదు, పైన ఎప్పుడూ ఎక్కువే. దానికి తోడు రెయిలింగ్‌కు ఫ్లెక్సీయో, చేతిలో పెద్ద షీటో ఉంటే అది తెరచాపలా గాలిని పట్టుకుంటుంది. 2010 అక్టోబరు 27న అమెరికాలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ ప్రాక్టీసును సిజర్ లిఫ్ట్ మీద నుంచి వీడియో తీస్తున్న 20 ఏళ్ల విద్యార్థి, గంటకు 80 కిలోమీటర్లు దాటిన గాలి ఉధృతికి లిఫ్ట్ కూలిపోయి మరణించాడు. అక్కడి రాష్ట్ర కార్మిక భద్రతా విభాగం విశ్వవిద్యాలయానికి జరిమానా విధించింది. యంత్రాన్ని ఎంత శ్రద్ధగా పరీక్షించినా, ఆ పూట గాలిని లెక్కలోకి తీసుకోకపోతే ఆ శ్రద్ధ ఎవరినీ కాపాడదు. మన కోస్తాలో ఈ మాటకు రుజువు చూపనక్కర్లేదు. తెలంగాణలోనూ మే నెల సాయంత్రాలు నిమిషాల్లో ఎలా మారిపోతాయో అందరికీ తెలుసు.

కాబట్టి తనిఖీ యంత్రంతో ముగియదు, అది వెళ్లే దారి మీదా నడిచి చూడాలి. మ్యాన్‌హోల్ మూతలు, ఇటీవల పూడ్చిన కేబుల్ కందకాలు, కాలువ మీద వేసిన పలుచని పలకలు: ఇవి మనిషిని మోస్తాయి గాని టన్నుల బరువున్న యంత్రాన్ని మోయవు. పైకి చూస్తే దూలాలు, డక్టులు కనిపిస్తాయి. బూమ్ లిఫ్ట్ ఆపరేటర్ వెనక్కి చూసుకోకుండా పైకి పోనిచ్చి, కంట్రోల్ ప్యానెల్‌కూ దూలానికీ మధ్య నలిగిపోయే ప్రమాదాలు ఈ రంగంలో అత్యంత దారుణమైన వాటిలో ఉన్నాయి; ఛాతీ ప్యానెల్ మీద పడి జాయ్‌స్టిక్ ఇంకా తోసుకుపోతుంటే అతను తనను తాను విడిపించుకోలేడు. కరెంటు తీగల విషయంలో ఒక్క మాట చాలు: మామూలు మ్యాన్‌లిఫ్ట్‌కు విద్యుత్తును ఆపే ఇన్సులేషన్ ఉండదు. మన వీధుల్లోని 11 కేవీ, 33 కేవీ లైన్లకు అమెరికా నియమం ప్రకారమైతే కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి, తీగ గాలికి ఊగే దూరం, బాస్కెట్ ఊగే దూరం దానికి అదనం.

ఒంటికి బిగించుకునే రక్షణ పట్టీల కట్టు, అంటే హార్నెస్ గురించి సైట్లలో వాదనలు ఎక్కువ. బూమ్ లిఫ్ట్‌లో అది తప్పనిసరి. చక్రం చిన్న గుంతలో పడినా పొడవాటి బూమ్ చివర ఆ కుదుపు ఎన్నో రెట్లు పెరిగి, బాస్కెట్‌లోని మనిషిని ఉండేలు బద్దలోంచి రాయి ఎగిరినట్లు ఎగరేస్తుంది. హార్నెస్‌కు ఉండే పొట్టి తాడును, అంటే లాన్‌యార్డ్‌ను బాస్కెట్‌లో ఆ పని కోసం ఏర్పాటు చేసిన రింగుకే తగిలించాలి. రెయిలింగ్‌కో, పక్కనున్న భవనం దూలానికో కాదు. భవనానికి కట్టుకున్నాక యంత్రం కదిలిందంటే ఆ తాడే మనిషిని బాస్కెట్‌లోంచి లాగి పడేస్తుంది. సిజర్ లిఫ్ట్‌లో ప్రధాన రక్షణ రెయిలింగే. తయారీదారు లాన్‌యార్డ్ రింగు ఇచ్చి, సైటు నియమం అడిగితే అక్కడా తగిలించుకోవాలి. ఏ యంత్రంలోనైనా రెయిలింగ్ మీదికెక్కి నిలబడితే హార్నెస్ ఉన్నా లేకపోయినా తప్పే.

లోపం దొరికాక జరిగేదాని మీదే ఈ శ్రమంతటి ఫలితం ఆధారపడి ఉంది. ఆపరేటర్ తనిఖీ చేస్తాడు, మరమ్మతు చేయడు. తాళంచెవి తీసేసి, ‘వాడవద్దు’ అన్న ట్యాగు కట్టి, సూపర్‌వైజర్‌కు చెప్పడమే అతని పని. కానీ అద్దె రోజు లెక్కన నడుస్తోంది, కాంక్రీటు బండి వచ్చే వేళయింది, ఫోర్‌మ్యాన్ ఇవాళ్టికి నడిపించెయ్ అంటాడు. దినకూలీ మీద వచ్చిన ఆపరేటర్ ఎంత చదువుకున్నా, మ్యాన్‌లిఫ్టుల రంగానికి 1983లో ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ ఐపాఫ్ శిక్షణ పొందిన ఆపరేటర్లకు ఇచ్చే పాల్ కార్డు జేబులో ఉన్నా, ఆ ఒక్క మాటకు ఎదురు చెప్పగల బలం అతనికి సైటు ఇవ్వాలి. యంత్రం ఆపినందుకు ఆ రోజు కూలి తగ్గదని ముందే చెప్పి ఉంచిన సైట్లలో చెక్‌లిస్టులు ఎలా ఉంటాయో నేను చూశాను: టిక్కుల మధ్య కొన్ని అడ్డగీతలు, పక్కన వంకర అక్షరాలతో ‘ఎడమ హోస్ తడి’, ‘హారన్ లేదు’ లాంటి మాటలు. ఏడాది పొడవునా ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒక్క లోపం లేకుండా నిండిన చెక్‌లిస్టు పుస్తకం కన్నా ఆ వంకర అక్షరాలను నేను ఎక్కువ నమ్ముతాను.

ట్యాగు కట్టిన యంత్రం బాగై వచ్చాక, బాగుచేసిన మెకానిక్ మాటతో సరిపెట్టకుండా తనిఖీ మళ్లీ మొదటి నుంచి చేయాలి. రెండో షిఫ్టు ఆపరేటర్ వచ్చినప్పుడూ అంతే. పొద్దున్నే అంతా చూశానని మొదటివాడు చెప్పినా, కొత్తగా వచ్చినవాడు నేల మీది మరకతో మొదలుపెట్టి, కింద నిలబడబోయే హెల్పర్‌ను పక్కన పెట్టుకుని, ఆ ఎర్ర హ్యాండిల్‌ను ఒకసారి అతని చేతే లాగించి చూడాలి.